పాత పడవకు క్రొత్త అంగములు: ఇంట జరుగు ఫైబరుగ్లాసు పనిని గూర్చి

చెక్కతో కట్టిన పడవ కాలక్రమమున చివికిపోవును. ఇనుముతో కట్టినది త్రుప్పుపట్టి పలుచనగును. ఫైబరుగ్లాసుతో పోసిన పడవ మాత్రము, దానిని చేసిన కర్మాగారము మూతపడి, దాని రూపమును గీసిన శిల్పి కీర్తిశేషుడైన పిదపను, నీటిపై తేలుచునే యుండును. అయితే దేహము నిలిచినంతమాత్రమున పడవ నిలిచినట్లు కాదు. ఎండకు మూతలు చిట్లును. మరలు బిగించిన రంధ్రములగుండ నీరు దిగి డెక్కులోని కఱ్ఱ కుళ్లును. సామాను అఱల అంచులు విఱుగును. గాలిగొట్టముల పెట్టెలు పగులును. వీనిలో ఏ యొక్కటియు అంగడిలో దొరకదు, ఏలయన ఆ పడవకు సరిపడు అచ్చులు ఏనాడో పారవేయబడినవి. కావున పాత పడవను కొని బాగుచేయబూనిన గృహస్థునకు ఎదురగు ప్రశ్న యిది: ఈ అంగములను ఇంటనే, కారుషెడ్డులోనో పెరటి పందిరిక్రిందనో, తన చేతులతో చేసికొనవచ్చునా? చేసికొనవచ్చునేని ఏ పద్ధతిని, ఏ రెజినుతో, ఏ మేరవఱకు? ఈ ప్రశ్నపై గడచిన అర్ధశతాబ్దికి మించిన కాలములో చాల వ్రాయబడినది. వ్రాసినవారిలో పడవలు కట్టినవారును గలరు, రెజిను అమ్మినవారును గలరు. వారి మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచి, ఎచ్చట ఏకాభిప్రాయము కలదో, ఎచ్చట వివాదము నిజమైనదో, ఎచ్చట కేవలము అలవాటే వాదరూపము ధరించినదో తేల్చుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ఈ పదార్థము పుట్టి నూఱేండ్లయినను కాలేదు. 1930వ దశకపు ఆరంభమున అమెరికాలోని ఓవెన్స్-ఇలినాయ్ గాజు సంస్థలో డేల్ క్లీస్టు అను యువకుడు గాజు దిమ్మెలను ఒకదానికొకటి అతుకుటకు యత్నించుచుండగా, కరగిన గాజుపై వడిగా సోకిన గాలి దానిని సన్నని దారములుగ చీల్చివైచెను. ఆ సంస్థయందే గేమ్స్ స్లేటరు ఆ దారములను విరివిగ తీయు విధానమును స్థిరపఱచెను. 1938లో ఓవెన్స్-కార్నింగ్ సంస్థ వెలసెను. అదే దశకమున కార్ల్‌టన్ ఎల్లిస్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పాలియెస్టరు రెజిన్లపై పేటెంటులు పొందెను. ఈ గాజుదారమును ఆ రెజినులో తడిపి గట్టిపఱచగా వచ్చినదే నేడు మనము ఫైబరు అని పిలుచుచున్న వస్తువు. 1942లో ఒహాయో రాష్ట్రమునందలి టొలీడో నగరమున రే గ్రీన్ దీనితో చిన్న పడవను చేసెను. యుద్ధానంతరము ఈ పని వేగముగ వ్యాపించినది.

నేను ఉదాహరణముగ గైకొను పడవ 1959లో న్యూయార్కు పడవల ప్రదర్శనమున ప్రజల యెదుటికి వచ్చిన పియర్సన్ ట్రైటన్. స్వీడను దేశమున జన్మించిన కార్ల్ ఆల్బర్గ్ దానికి రూపకర్త. రోడ్ ఐలండునందలి బ్రిస్టలులో క్లింటన్, ఎవరెట్ అను పియర్సన్ దాయాదులు దానిని కట్టిరి. 28 అడుగులకు మించిన పొడవుగల ఆ తెరచాప పడవ 10,000 డాలర్లకు లోబడిన వెలకు మధ్యతరగతి కుటుంబములకు దొరకుటచే, 1967 వఱకు ఇంచుమించు 700 పడవలు అచ్చునుండి వెలువడినవి. ఫైబరు ఎంత బలమైనదో ఆనాటి నిర్మాతలకు పూర్తిగ తెలియకపోవుటచే దేహమును దళసరిగ పోసిరి. ఆ సందేహమే నేటి యజమానులకు వరమైనది. కాని డెక్కు మాట వేఱు. అది రెండు పలుచని ఫైబరు పొరల నడుమ బాల్సా కఱ్ఱ నుంచి చేసినది. దానికి బిగించిన ప్రతి మరచుట్టును దశాబ్దముల తరబడి నీరు ఊరుచు వచ్చినది. ట్రైటనును బాగుచేయువాడు సాధారణముగ చేయవలసిన పనులు మూడు: డెక్కులోని తడి కఱ్ఱను తీసి క్రొత్తది వేయుట, కాక్‌పిట్టునందలి అఱల మూతలను క్రొత్తగ పోయుట, మూలమున లేని పెట్టెలను, పీఠములను తన యవసరమునకు తగినట్లు రూపొందించుట. ఈ మూడును మూడు వేర్వేఱు జాతుల పనులు. ఈ భేదమును గుర్తింపకపోవుటయే ఇంటిపనివారి చర్చలలోని గందరగోళమునకు మూలమని నా నిశ్చితాభిప్రాయము.

ముందుగ పదార్థ స్వభావమును గూర్చి కొంత చెప్పవలెను. ఫైబరులో బలమంతయు గాజుది. రెజిను ఆ దారములను ఉన్నచోట నిలిపి, భారమును ఒకదానినుండి మఱియొకదానికి అందించును. రెజిను ఎక్కువైనచో అంగము బరువెక్కునేగాని బలపడదు; పైగా పెళుసగును. పొట్టిదారములను చిందరవందరగ పఱచిన మ్యాటునకు దాని బరువునకు రెట్టింపు మొదలు రెండున్నర రెట్లవఱకు రెజిను పట్టును. చదరపు మీటరునకు 450 గ్రాములు తూగు మ్యాటు ఒక పొర వేసినచో దాదాపు ఒక మిల్లీమీటరు మందము వచ్చును. నేసిన రోవింగు గుడ్డలో దారములు వరుసగ నుండుటచే రెజిను తక్కువ పట్టి బలము హెచ్చును; కాని గుడ్డపై గుడ్డ వేసినచో పొరల నడుమ పట్టు తగ్గును గనుక నడుమ మ్యాటు వేయుట పాలియెస్టరు పనివారి సంప్రదాయము. ఇంకొక విషయము: ఫైబరు బలమైనదేగాని బిరుసైనది కాదు. మ్యాటుతో చేసిన పలకకు స్థితిస్థాపక గుణకము ఇంచుమించు 7 గిగాపాస్కళ్లుండగా ఉక్కునకు 200 ఉండును. అందుచేతనే పలుచని మూత విఱుగకపోయినను కాలు మోపగానే క్రుంగును. పలక మందమును రెట్టింపు చేసినచో బిరుసుదనము ఎనిమిది రెట్లగును గనుక, రెండు పొరల నడుమ తేలికయైన బాల్సానో పీవీసీ నురుగుపలకనో ఉంచు ఉపాయము పుట్టినది. ట్రైటను డెక్కునకు బలము నిచ్చినదియు, రోగము తెచ్చినదియు ఈ ఉపాయమే.

ఇక అచ్చుల విషయము. ఇచ్చట కొంచెము నిలువవలెను, ఏలయన ఇంట చేసిన వస్తువు ఇంటివస్తువువలె కనబడుటయు, కర్మాగారపు వస్తువువలె కనబడుటయు ఈ దశయందే తేలిపోవును. అచ్చు తీయుటకు ముందు వస్తువు రూపమున ఒక మూలాకృతి కావలెను. పగిలిన పాత మూతయే దొరకినచో అదే మూలాకృతి కాగలదు: చిట్లిన తావులను పుట్టీతో నింపి, విఱిగిన అంచులను కట్టి, 80 సంఖ్య ఉప్పుకాగితముతో మొదలిడి 120, 220, 400, 600 వఱకు క్రమముగ రాచి, పిదప నిగనిగలాడునట్లు మెఱుగు పెట్టవలెను. మూత లేనిచో ప్లైవుడ్డుతోనో, నురుగుపలకతోనో, మట్టితోనో రూపమును కట్టి, దానిని రంగుతో మూసి, అట్లే రాచవలెను. వ్రేలికి తగులని గీత కూడ అచ్చులో పడును; అచ్చులో పడిన గీత ఆ అచ్చునుండి వచ్చు ప్రతి మూతపైనను పడును. ప్రక్కగోడలు నిట్టనిలువుగ నుండరాదు. రెండు మూడు డిగ్రీలైనను వాలు లేనిచో గట్టిపడిన వస్తువు అచ్చును విడిచి రాదు. మూలలు పదునుగ నుండరాదు. గాజుదారము పదునైన మూలను చుట్టి వంగుటకు ఒప్పుకొనదు, వంచినను లేచి క్రింద గాలి చిక్కును. ఆ గాలిబుడగపై జెల్‌కోటు అను పలుచని వెలుపలి రంగుపూత మాత్రమే మిగులును. మొదటి తాకిడికే అది గుడ్డుపెంకువలె రాలిపోవును.

మూలాకృతికి మైనము పూయుట ఓర్పుతో కూడిన పని. కార్నౌబా మైనమును పలుచగ పూసి, ఆరనిచ్చి, తుడిచి, మరల పూసి, ఇట్లు అయిదారు పూతలు వేసిన పిదప, అంటుకొననీయని పీవీఏ ద్రవమును పొరగ చల్లుట సురక్షితమైన పద్ధతి. అచ్చు తీయుటకై దానిపై అర మిల్లీమీటరు మందమున జెల్‌కోటు వేయుదురు. జెల్‌కోటు వ్రేలికి జిగటగ తగులుచు, వ్రేలికి రంగంటని స్థితికి వచ్చినప్పుడు మొదటి పొర వేయవలెను. ఆ స్థితికి ముందు వేసినచో రెజినులోని స్టైరీను జెల్‌కోటులోనికి దిగి దానిని ముడుతలు పడజేయును. మిక్కిలి ఆలస్యము చేసినచో దుమ్ము పడి పట్టు తగ్గును. మొదటి పొర పలుచని మ్యాటుగ నుండవలెను. ఉపరితలమును ముందుగ రెజినుతో తడిపి, మ్యాటును పఱచి, బ్రష్షుతో రాయక పొడుచుచు తడుపుదురు. తెల్లని మ్యాటు క్రమముగ గాజువలె పారదర్శకమగును, ఎచ్చట తెలుపు మిగిలెనో అచ్చట గాలి కలదు. ఇనుప చక్రముల రోలరును నడుమనుండి అంచులవైపునకు నెమ్మదిగ త్రోసినప్పుడు బుడగలు చిన్న చిన్న ముత్యములై అంచునకు పరుగెత్తి పగులుట కన్నులార చూడవచ్చును. ఈ పనిలో తొందర పడినవాడును, రెజినులో దానిని గట్టిపఱచు క్యాటలిస్టు హెచ్చుగ వేసినవాడును ఒకే ఫలితమును, అనగా గాలి చిక్కిన పొరను, పొందుదురు. అచ్చు వస్తువునకు రెట్టింపు మందముగ నుండవలెను. దానిని ఒక్కదినముననే పోసినచో రెజిను గట్టిపడునప్పుడు పుట్టు వేడికి అచ్చు వంకరపోవును. పాలియెస్టరు గట్టిపడునప్పుడు ఘనపరిమాణమున 5 మొదలు 8 శాతము వఱకు కుంచించుకొనును గనుక, రోజునకు రెండు మూడు పొరలకు మించక వేయుట మేలు. అంతయు గట్టిపడి, వెనుక కఱ్ఱ పక్కెలు బిగించిన తరువాతనే అచ్చును విడదీయవలెను. ప్లాస్టికు మేకును అంచున దింపి, సందులో కొంచెము నీరు పోసినచో పీవీఏ పొర కరగి అచ్చు చప్పుడుతో ఊడివచ్చును. పిదప మైనము మొదలు అవే పనులను ఆ అచ్చులో మరల చేయగా మూత వచ్చును.

ఇంత శ్రమ ఒక్క మూతకొఱకు పడవలెనా యనుట న్యాయమైన ప్రశ్న. పుస్తకములు వ్రాసిన పడవల నిర్మాతలలో చాలమందికి అచ్చుపై మక్కువ మెండు, ఏలయన వారి బ్రదుకు ఒకే వస్తువును పలుమార్లు చేయుటపై ఆధారపడినది. గృహస్థునకు కావలసినది ఒక్కటి, లేక రెండు. ట్రైటను కాక్‌పిట్టున కుడియెడమల జతగ నున్న మూతలకు అచ్చు తీయుట సమంజసమే. ఒకే ఒక పెట్టెకు, ఒకే ఒక పీఠమునకు అచ్చు తీయుట కాలవ్యయము. అట్టివానికి అచ్చులేని పద్ధతియే ఉత్తమము. సన్‌మైకా అతికిన బల్లపై మైనము పూసి, దానిపై జెల్‌కోటును, మ్యాటు పొరలను వేసినచో అద్దమువంటి ముఖముగల పలక వచ్చును. ఆ పలకను రంపముతో కోసి, మూలలలో పుట్టీతో గుండ్రని అతుకు వేసి, లోపల గాజుపట్టీలు అతికించినచో ఎంతటి పెట్టెయైనను సిద్ధమగును. వంపుగల రూపమునకు నురుగుపలకను చెక్కి దానిపైననే పొరలు వేయవచ్చును. ఇచ్చట ఒక హెచ్చరిక: థర్మాకోలుపై పాలియెస్టరు పోసినచో అందులోని స్టైరీనుకు థర్మాకోలు కళ్లయెదుటనే కరగిపోవును, దానిపై ఎపాక్సీ అను వేఱొక రెజినును మాత్రమే పోయవలెను. పాలియురిథేను నురుగుగాని, పీవీసీ నురుగుగాని పాలియెస్టరునకు తట్టుకొనును. ఈ పద్ధతిలో వస్తువు వెలుపలి ముఖమును తరువాత రాచి చదును చేయవలసివచ్చుట నిజమే. ఐనను అచ్చుకొఱకు మూలాకృతిని రాచిన శ్రమకంటె అది తక్కువ.

పాలియెస్టరా, ఎపాక్సీయా యను వివాదము ఈ రంగమున మిక్కిలి ప్రసిద్ధమైనది. మిక్కిలి అపార్థమునకు లోనైనదియు నిదియే. మిషిగను రాష్ట్రపు బే సిటీలోని గూజియన్ సోదరులు కఱ్ఱను ఎపాక్సీతో నింపి పడవలు కట్టు పద్ధతిని ప్రచారము చేసి, 1979లో ప్రకటించిన గ్రంథముచే ఎపాక్సీకి గొప్ప గౌరవము తెచ్చిరి. వారు నిపుణులు, వారి పరీక్షలు నిజాయితీగలవి. కాని వారు ఎపాక్సీని తయారుచేసి అమ్మినవారు కూడ ననుట పాఠకుడు మఱువరాదు. ఎదుటిపక్షమున, పాలియెస్టరుతో వేలకొలది పడవలు పోసిన కర్మాగారముల అనుభవము నిలిచియున్నది. అర్ధశతాబ్దికి పైగా నీటిలో నిలిచిన ట్రైటన్లన్నియు పాలియెస్టరువే.

నా దృష్టిలో వివాదమునకు తీర్పు వస్తువు ఎచ్చట నిలుచునో దానినిబట్టి యుండవలెను. అచ్చునుండి క్రొత్తగ వెలువడి, మరలతో బిగింపబడు మూతకు పాలియెస్టరు చాలును. అది చవుక, జెల్‌కోటుతో ఏకమగును, మ్యాటుతో చక్కగ కలియును. ఎపాక్సీ దానికంటె కొన్ని రెట్లు ఖరీదైనది. సామాన్యమైన మ్యాటులో దారములను అంటించి పట్టు జిగురు స్టైరీనులో కరగునదేగాని ఎపాక్సీలో కరగదు గనుక, ఎపాక్సీ పనికి కుట్టిన ద్విముఖ గుడ్డలు వాడవలెను. కాని పాత పడవదేహమునకు శాశ్వతముగ అతుకవలసిన పనియైనచో, డెక్కుపై పొరను తిరిగి వేయుటవంటిదైనచో, ఎపాక్సీకి సాటి లేదు. కారణము రసాయన సంబంధమైనది. క్రొత్తగ పోసిన పాలియెస్టరుపై రెండు మూడు దినములలోపున మఱియొక పొర వేసినచో రెండును రసాయనికముగ కలిసి ఏకశరీరమగును. అరువది ఏండ్ల నాటి పాలియెస్టరు అట్లు కలియుటకు సిద్ధముగ నుండదు. దానిపై వేసినది ఏదైనను జిగురుగ పట్టవలసినదే. జిగురుగ ఎపాక్సీ ఎంతయో మేలు. అది తక్కువ కుంచించుకొనును, నీటిని తక్కువ పీల్చును. రెండిటి నడుమ వినైలెస్టరు అను రెజిను కలదు. నీటిక్రింద నుండు పొరలకు అది మంచిదేగాని, కొంత కాలమునకే చెడిపోవు గుణముగలది గనుక గృహస్థుడు తెచ్చి నిలువయుంచుకొనుటకు తగదు.

ఇక ఎపాక్సీకి రెండు దౌర్బల్యములు. సూర్యకాంతికి అది పొడియగును గనుక పైన రంగు తప్పనిసరి. ఇంటి ఉష్ణోగ్రతయందు గట్టిపడిన సామాన్యపు ఎపాక్సీ 50, 60 డిగ్రీల వేడికి మెత్తబడనారంభించును గనుక ఎండకు గాగు డెక్కునకు ముదురు రంగు వేయరాదు, తెలుపే శ్రేయము. ఎపాక్సీపై పాలియెస్టరు జెల్‌కోటు నిలుచునా యనుదానిపై భిన్నాభిప్రాయములు గలవు. పూర్తిగ గట్టిపడిన ఎపాక్సీని నీటితో కడిగి రాచిన పిదప నిలుచునని కొందఱి పరీక్షలు చూపుచున్నను, పాలియురిథేను రంగు వేయుటయే నిరపాయమైన మార్గము.

అతుకు విషయమున అందఱును ఏకీభవించుచున్నారు, ఐనను అందఱును ఎక్కువగ పొరబడునది ఇచ్చటనే. ముందు ద్రావకముతో తుడిచి పాత మైనమును, నూనెను తొలగించి, తరువాత రాచవలెను. ముందు రాచినచో ఆ మైనము గీతలలోనికి దిగి అతుకునకు శత్రువగును. రాచుటకు 40 లేక 60 సంఖ్య గరుకుచక్రము కావలెను. నునుపైన ముఖముపై జిగురు పట్టదు. పగిలిన చోటిని అంచున నిలువుగ కోసి నింపుట వ్యర్థము. మందమునకు 12 రెట్ల వెడల్పున వాలుగ అరగదీయవలెను, అనగా 6 మిల్లీమీటర్ల గోడకు ప్రతివైపున 72 మిల్లీమీటర్లు. అట్లు అరగదీసినప్పుడు పాత పొరలు ఒకదానిలోపల ఒకటిగ వలయములై కనబడును. ఎన్ని పొరలున్నవో, ఏవి మ్యాటు, ఏవి నేసిన గుడ్డ, 1960లో పనివాడు ఎచ్చట రెజిను తక్కువ పోసెనో, అన్నియు ఆ వాలుపై చదువవచ్చును. ఆ పొరలను వరుసగ తిరిగి కట్టుటయే మరమ్మతు. డెక్కు పనియందు పైపొరను కోసి తీసి, తడిసి నల్లబడిన బాల్సాను గోకి, లోపలిపొర పూర్తిగ ఆరిన తరువాతనే క్రొత్త కఱ్ఱను ఎపాక్సీ ముద్దలో పొదగవలెను. తేమ మిగిలినచోట ఎంత మంచి ఎపాక్సీయైనను నిలువదు. మరలు వచ్చు ప్రతిచోట కఱ్ఱను పెద్ద రంధ్రముగ తీసి, చిక్కపఱచిన ఎపాక్సీతో నింపి, దాని నడుమ చిన్న రంధ్రము చేసినచో నీరు కఱ్ఱను చేరజాలదు. ఈ ఒక్క జాగ్రత్త 1959లో తీసికొని యుండినచో నేటి డెక్కు మరమ్మతులలో అధికభాగము అవసరమే కాకపోయెడిది.

శూన్యపు సంచులలో పీడించి రెజినును లాగు పద్ధతి, కంప్యూటరుచే నడుపు యంత్రములతో మూలాకృతిని చెక్కు పద్ధతి ఇటీవల ఇంటివారిని ఆకర్షించుచున్నవి. శూన్యపద్ధతిలో గాజు పాలు బరువున 60, 70 శాతమునకు చేరును, చేతితో వేసిన మ్యాటులో అది 30 ప్రాంతముననే యుండును, తేడా నిజమైనదే. కాని ఒక మూతకు దానివలన కలుగు లాభము స్వల్పము, సంచి చిల్లుపడినచో నష్టము పూర్తి. 2019లో మెయిన్ విశ్వవిద్యాలయము 25 అడుగుల పడవనే యంత్రముచే ముద్రించినది. చిన్న మూలాకృతులను ముద్రించుకొనుట ఇంట సాధ్యమే, ఐనను వానిని రాచి మైనము పూయు పని తప్పదు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. పాలియెస్టరునుండి లేచు స్టైరీను ఆవిరిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2018లో క్యాన్సరు కలిగింపగలదని భావింపదగిన పదార్థముల వర్గమున చేర్చినది. ముప్పదియొక డిగ్రీల ప్రాంతముననే అది మంటనందుకొనగల ఆవిరిని విడుచును, అనగా మన వేసవి మధ్యాహ్నములలో సర్వదా సిద్ధముగ నుండును. పాలియెస్టరును గట్టిపఱచు పెరాక్సైడు క్యాటలిస్టు ఒక్క చుక్క కంటిలో పడినను చూపు పోవచ్చును. మన దేశమున రెజిను, గట్టిపడుటను త్వరపఱచు ఊదారంగు కోబాల్టు ద్రవము, క్యాటలిస్టు వేర్వేఱు సీసాలలో అమ్ముదురు. కోబాల్టును ముందుగ రెజినులో పూర్తిగ కలిపిన పిదపనే క్యాటలిస్టు వేయవలెను, ఆ రెండిటిని నేరుగ కలిపినచో ప్రేలుడు సంభవించును. క్యాటలిస్టు రెజిను బరువులో 1 మొదలు 2 శాతము. అనగా 500 గ్రాములకు 5 మొదలు 10 గ్రాములు. ఎండలో త్వరగ గట్టిపడునని 1 శాతముకంటె తక్కువ వేసినచో రెజిను ఎన్నడును పూర్తిగ గట్టిపడదు. అప్పుడు చేయవలసినది ప్రాతఃకాలమున పనిచేయుట, కొద్దికొద్దిగ కలుపుకొనుట. ఎపాక్సీలో హార్డెనరు పాలు తయారుదారు చెప్పినంతయే యుండవలెను, హెచ్చించుటకుగాని తగ్గించుటకుగాని వీలులేదు. ఎపాక్సీకి వాసన తక్కువగ నుండుటచే అది నిరపాయమని తలంచుట భ్రమ. చర్మముపై పదేపదే పడినచో జీవితాంతము వదలని అలర్జీ పట్టుకొనవచ్చును, అట్టివాడు ఆ పనికి శాశ్వతముగ దూరము కావలసినదే. గరుకుచక్రమునుండి లేచు గాజుధూళికి ముఖమునకు చక్కగ బిగియు మాస్కు, ఆవిరులకు బొగ్గు వడపోతగల మాస్కు, చేతులకు నైట్రైలు తొడుగులు, కంటికి అద్దములు లేనివాడు ఈ పని ప్రారంభింపరాదు. మిగిలిన రెజినును గిన్నెలో ముద్దగ విడిచినచో అది కాగి పొగలెత్తి నిప్పంటుకొనగలదు. దానిని పలుచగ పఱచి ఆరుబయట వదలవలెను.

హద్దులు కూడ చెప్పవలెను. మూతలు, పెట్టెలు, పీఠములు, డెక్కు భాగములు ఇంట చేసికొనదగినవే. తెరచాప కంబమును నిలుపు తీగెలు బిగియు పట్టీలు, చుక్కాని ఇరుసు, పడవ అడుగున నుండు కీల్ అతుకు, ఇంజను పీఠములు, వీనిని గణించి నిర్ణయింపగల నావికా శిల్పి సలహా లేక తాకరాదని నేను గట్టిగ చెప్పుదును. మూత విఱిగినచో వర్షపు నీరు లోనికి వచ్చును. చుక్కాని విఱిగినచో మనుష్యులు పోవుదురు.

ఇది అమెరికా గృహస్థుల వినోదమే యని మన పాఠకుడు ప్రక్కన పెట్టుటకు వీలులేదు. ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున 1979లో మద్రాసు కేంద్రముగ ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమము ఇసుకతీరమున అలలలో దిగగల ఫైబరు పడవల నమూనాలను రూపొందించినది. 2004 డిసెంబరు సునామీ పిదప తూర్పుతీరమంతట ఫైబరు పడవలు విస్తరించినవి. దుంగల తెప్పలు సాగిన అలలపై నేడు ఉత్తరాంధ్రనుండి నెల్లూరువఱకు ఫైబరు పడవలు సాగుచున్నవి. అవి ఇసుకపై ఈడ్వబడి అడుగున అరగును, అంచులు చీలును. వానిని మత్స్యకారులు ఒడ్డుననే, పాకలక్రింద, మ్యాటు ముక్కలతో, ఉత్త చేతులతో బాగుచేయుట చూచుచున్నాము. వారు చేయు పనియు, ట్రైటను యజమాని తన కారుషెడ్డులో చేయు పనియు ఒకటే. అతనికి అది సెలవుదినపు వ్యాపకము, వీరికది అన్నము. తెనాలిలోను, కోనసీమయందలి కొత్తపేటలోను విగ్రహములు చేయు శిల్పులకు మూలాకృతి, అచ్చు, జెల్‌కోటు అను మూడును చేతికి బాగుగ వచ్చిన విద్యలు. పడవకు మూత పోయుటలో వారికి నేర్పవలసినది గాజుగుడ్డల ఎంపికయు, అతుకుల రహస్యము మాత్రమే. చెడిన ఫైబరు పడవను కరగించి తిరిగి వాడుటకు సులభమార్గము లేదు గనుక, దానిని బాగుచేసి ఆయుర్దాయము పెంచుటయే తీరమునకు మేలు.

కావున మన పాలిటెక్నిక్ కళాశాలలకును, మత్స్యశాఖకును నేను చేయు విజ్ఞప్తి యిది: కోబాల్టును, క్యాటలిస్టును ఏ వరుసను, ఏ పాళ్లలో కలుపవలెనో, అతుకునకు ఎంత వాలు తీయవలెనో, కన్నులను, ఊపిరితిత్తులను ఎట్లు కాపాడుకొనవలెనో తేట తెలుగున, బొమ్మలతో, పది పుటలకు మించని చిన్న పుస్తకమును అచ్చువేయించి, రెజిను అమ్ము ప్రతి అంగడిలోను, ప్రతి మత్స్యకార గ్రామమునను ఉచితముగ అందుబాటులో నుంచవలెను.